సింగపూర్ టైమ్‌జోన్: పాత యూనిక్స్‌లో కంపైల్ దోషం

యూనిక్స్‌లో స్థానిక సమయాల చరిత్ర టీజెడ్ డేటాబేస్ అనే పాఠ్య ఫైళ్లలో ఉంటుంది. దాన్ని యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే కంపైలర్ పేరు జిక్.

అందులో సింగపూర్ సమయాల పద్దు చిన్న దేశానికి ఆశ్చర్యంగా పొడవు. గ్రీనిచ్ కంటే 1933 వరకు 7 గంటలు, తర్వాత 7:20, 1941 నుంచి 7:30 ముందుండేది. జపాన్ ఆక్రమణలో టోక్యో సమయం, అంటే 9 గంటలు. యుద్ధానంతరం మళ్లీ 7:30. 1981 డిసెంబరు 31 రాత్రి 11:30కి గడియారాలను అరగంట ముందుకు జరిపి 8 గంటలకు మార్చారు.

ఇన్ని మార్పులున్న ఈ పద్దులో 2024బి విడుదల నుంచి సంక్షిప్త నామం స్థానంలో శాతం గుర్తు, జెడ్ అక్షరం రాస్తున్నారు. 2015కు ముందరి జిక్‌కు శాతం తర్వాత ఎస్ ఒక్కటే తెలుసు. అందుకే ‘ఇన్‌వాలిడ్ అబ్రీవియేషన్ ఫార్మాట్’ అంటూ ఆగిపోతుంది. తప్పు డేటాలో లేదు, కంపైలర్ వయసులో ఉంది.

డేటాను చేత్తో దిద్దడం ప్రమాదకరం. కొత్త జిక్‌ను ముందుగా కంపైల్ చేసుకోవాలి, లేదా పాత యంత్రాల కోసమే ఉన్న, రియర్‌గార్డ్ అనే డేటా రూపాన్ని వాడాలి. టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ చరరాశిలో ఎనిమిది గంటల తేడా మాత్రమే రాసి సరిపెడితే నేటి సమయం సరిగ్గానే ఉంటుంది. కానీ 1982కు ముందరి యుద్ధానంతర తేదీలన్నీ అరగంట తప్పుతాయి.