ఏ ఒడ్డు సంవత్సరం?

1947 ఆగస్టు 15న ఫసలీ ఎంత? భద్రాచలంలో అడిగితే 1357. గోదావరి దాటి బూర్గంపాడులో అడిగితే 1356.

అప్పుడు ఎడమ ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీ, కుడి ఒడ్డు నిజాం రాజ్యం. ఫసలీ అంటే పంటల లెక్కన పుట్టిన రెవెన్యూ సంవత్సరం. మద్రాసు వైపు అది జులై 1న మొదలయ్యేది. హైదరాబాదు వైపు అజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో.

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇది టైమ్‌జోన్ రాయని టైమ్‌స్టాంప్. వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ ఏజెన్సీలో సరదా విషయం కాదు. గిరిజనుల భూమి చేతులు మారకుండా ఎడమ ఒడ్డున 1917లోనే చట్టం వచ్చింది. నిజాం సర్కారు గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది 1356 ఫసలీలో, అంటే 1946-47లో. పాత కాగితం మీద ఏ సంవత్సరం ఉందన్నదే కాదు, అది ఏ ఒడ్డు సంవత్సరం అన్నది కూడా ఒక కోయ కుటుంబం పొలం గొడవలో లెక్కకొస్తుంది.

అదే ఆగస్టు 15న నెల పేరు అడిగితే మాత్రం పంచాంగం రెండు ఒడ్లకీ ఒకటే జవాబు చెప్తుంది: అధిక శ్రావణం. ఆ అధికమాసం వల్ల ఆశ్వయుజం అక్టోబరు నడిమికి జరిగింది. హైదరాబాదు సర్కారు కొత్త సంవత్సరం దానికోసం ఆగలేదు, భాద్రపదంలోనే మొదలైపోయింది.

1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. 1965లో గోదావరి మీద వంతెన వచ్చింది. ఇక రెండు ఒడ్లూ ఒకటే అనుకున్నారు. 2014లో తెలంగాణ బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసింది. భాద్రపద అమావాస్యకి మొదలై ఆశ్వయుజ శుద్ధ అష్టమికి సద్దులతో ముగిసే పండుగ. అదే సంవత్సరం పోలవరం ముంపు కోసం ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి. భద్రాచలం పట్టణం మాత్రం ఇటే మిగిలింది. దాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక ఇప్పుడు వేరే రాష్ట్రం.

తంగేడు రెండు వైపులా పూస్తుంది. రాష్ట్ర పండుగ మాత్రం ఒకవైపే. అందుకే ఈ అడవి అంచు చరిత్ర చదివేటప్పుడు నేను తారీఖు కంటే ముందు, ఆ లెక్క ఏ కచేరీలో రాశారో చూస్తాను.