బాలుగారి ఊపిరి

2020 ఆగస్టు 5న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం చెన్నైలో ఆసుపత్రిలో చేరి ఒక వీడియో పెట్టారు. కాస్త జలుబు, జ్వరం, ఛాతీ పట్టేసినట్టుంది, కరోనా స్వల్పంగానే ఉంది, ఎవరూ కంగారుపడి ఫోన్లు చేయొద్దన్నారు. ఇంట్లోనే ఉండొచ్చని డాక్టర్లు చెప్పినా, ఇంటిల్లిపాదికీ ఇబ్బందని ఆయనే వెళ్లి చేరారు. ఆ గొంతులో ధీమా విని మనమూ నిబ్బరపడ్డాం.

13వ తేదీ రాత్రి పరిస్థితి విషమించింది. ఐసీయూ, వెంటిలేటర్, ఆపైన ఎక్మో. అప్పటిదాకా ఎక్మో అంటే ఏమిటో తెలియని తెలుగిళ్లలో రోజూ సాయంత్రం అదే మాట.

ఊపిరితిత్తులు చేతులెత్తేసినప్పుడు వాటి పని ఒంటి బయట జరిపించే యంత్రమది. సాధారణంగా తొడ దగ్గరి పెద్ద సిరలో చిటికెనవేలు లావు గొట్టం వేసి రక్తాన్ని బయటికి లాగుతారు. పంపు దాన్ని వేల సన్నని బోలు పోగులున్న పొర గుండా నెడుతుంది. అక్కడ బొగ్గుపులుసు వాయువు పోయి ప్రాణవాయువు చేరుతుంది. ఒక గొట్టంలో నల్లగా వెళ్లిన రక్తం పక్క గొట్టంలో ఎర్రగా మెరుస్తూ మెడ సిరలోకి తిరిగొస్తుంది. గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వాలి. ఇస్తే రక్తస్రావం భయం. ఇంత చేసినా ఎక్మో ఊపిరితిత్తులను బాగుచేయదు. అవి కోలుకునేదాకా మనిషిని నిలబెడుతుంది, అంతే.

'పాడుతా తీయగా'లో ఎక్కడ ఊపిరి తీసుకుంటే మాట విరగదో పిల్లలకు ఓపిగ్గా నేర్పిన మనిషి ఆయన. 1990 నాటి తమిళ చిత్రం 'కేళడి కన్మణి'లో ఇళయరాజా బాణీకి చరణమంతా గుక్క తిప్పుకోకుండా పాడినట్టు వినిపిస్తారు. అలాంటి మనిషికి ఊపిరే కరువైందంటే ఈనాటికీ మనసొప్పదు.

సెప్టెంబరులో ఆశ చిగురించింది. కరోనా నెగెటివ్ వచ్చింది. ఫిజియోథెరపీ చేస్తున్నారని, కాసేపు కూర్చోబెడుతున్నారని, నోటితో ఆహారం మొదలైందని కొడుకు చరణ్ చెబుతుంటే ఇక గండం గడిచిందనుకున్నాం. కానీ వైరస్ పోయినంత మాత్రాన అది పాడుచేసిన ఊపిరితిత్తులు మామూలు కావు. నెగెటివ్ అన్న మాటను మనం గెలుపుగా విన్నాం. ఆ వేళ ఎవరం మాత్రం మరోలా వినగలం?

24న పరిస్థితి అత్యంత విషమమన్నారు. 25 మధ్యాహ్నం 1.04కు ఆయన వెళ్లిపోయారు. 74 ఏళ్లు. మర్నాడు తామరైపాక్కం తోటలో పోలీసు లాంఛనాలతో ఖననం చేశారు. 2021లో కేంద్రం ప్రకటించిన పద్మవిభూషణ్‌ను చరణ్ అందుకున్నారు.