ఎల్లారెడ్డి ఫైళ్ల ఫసలీ, ఎక్సెల్ షీట్‌లో 1903: తేదీలు ఎక్కడ తిరగబడతాయి?

చరిత్ర చెప్పుకునే చోట ఎక్సెల్ షీట్ ముచ్చట ఏంటి అని మీకు అనిపించొచ్చు. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు భూమి కాగితాలు చూసినవాళ్లకు మాత్రం వింతగా ఉండదు. ఒక పట్టా ఎవరిది అన్న గొడవ చాలాసార్లు ఏ తేదీన రాసుకున్నారు, ఏ తేదీన దరఖాస్తు పెట్టారు అన్న దగ్గరే తేలుతుంది. ఆ తేదీలన్నీ ఇప్పుడు రిజిస్టర్ల నుంచి షీట్లలోకి ఎక్కుతున్నాయి. ఎక్కేటప్పుడు ఏమవుతుందో ఈరోజు చూద్దాం.

మన జిల్లా పుట్టినరోజుతోనే మొదలుపెడదాం. నిజామాబాద్ నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబర్ 11న, దసరా నాడు. మనం 11-10-2016 అని రాస్తాం. అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత. అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో ఇదే అంకె కొట్టండి, నవంబర్ 10 అయిపోతుంది. జిల్లా ముప్పై రోజులు ఆలస్యంగా పుట్టినట్టు! ఎర్ర గీత రాదు, హెచ్చరిక రాదు. అసలు ఇబ్బంది అక్కడే ఉంది.

ఇక్కడ తేదీల తికమక కంప్యూటర్‌తో వచ్చింది కాదండి. నిజాం కాలంలో ఎల్లారెడ్డి, కామారెడ్డి నిజామాబాద్ జిల్లాలో తాలూకాలు. రెవెన్యూ లెక్క అంతా ఫసలీలో నడిచేది. ఫసల్ అంటే పంట. హిజ్రీ చాంద్రమానం కాబట్టి ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, పంట మాత్రం జరగదు. పంట చేతికి రాకముందే శిస్తు గడువు వచ్చి కూర్చుంటే రైతు ఏం కడతాడు? అందుకే అక్బర్ కాలంలో హిజ్రీ అంకెనే తీసుకుని అక్కడి నుంచి సౌరమానంలో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. దక్కన్‌లో ఆ పని షాజహాన్ కాలంలో జరిగింది. అందుకే మన ఫసలీకి, ఉత్తరాది ఫసలీకి అంకెలో రెండేళ్ల తేడా ఉంటుంది. మన ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది ఏ ఇంగ్లీషు సంవత్సరంలో మొదలైందో తెలుస్తుంది. 1317 ఫసలీ నాటి హైదరాబాద్ భూమి శిస్తు చట్టం అంటే 1907-08 నాటిదన్నమాట. తెలంగాణలో భూమి తగాదాలకు ఇప్పటికీ పునాదిగా చూసే ఖాస్రా పహాణీ 1954-55ది, అంటే 1364 ఫసలీ.

ఇందులో ఒక మెలిక ఉంది. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబర్ మొదటి వారంలో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. దై, బహమన్, ఇస్ఫందార్ ఇలా సాగి ఆబాన్‌తో ముగిసేది. అన్నీ పారసీ పేర్లే. మద్రాసు వైపు ఫసలీ జులై 1న మొదలవుతుంది. ఇప్పుడు మనం వాడుతున్నదీ ఆ లెక్కే. అంటే జులై నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా, ఒకే రోజుకు రెండు లెక్కల్లో రెండు వేర్వేరు ఫసలీ సంవత్సరాలు వస్తాయి.

నమ్మకం కుదరకపోతే జాగీర్ల రద్దు రెగ్యులేషన్ చూడండి. అమల్లోకి వచ్చింది 1949 ఆగస్టు 15న. దాని పేరులోనే 1358 ఫసలీ అని ఉంది. ఇప్పటి జులై లెక్కతో షీట్‌లో ఫార్ములా పెడితే ఆ రోజుకు 1359 వస్తుంది. అలాగే 1948 సెప్టెంబర్ 17 హైదరాబాద్ లెక్కలో 1357, ఇప్పటి ఫార్ములాలో 1358. పాత పహాణీ మీద ఉన్న అంకెకు, మన షీట్ తేల్చిన అంకెకు ఒక ఏడాది తేడా వచ్చిందని కాగితం దొంగది అనుకుంటే పాపం ఆ కాగితానికి అన్యాయం చేసినట్టే.

ఇంకొకటి. పాత కాగితాల మీద ఫసలీ పక్కన ఫ, హిజ్రీ పక్కన హి అని గుర్తు ఉంటుంది. ఎంట్రీ చేసేటప్పుడు "అంకె చాలు కదా" అని ఆ అక్షరం వదిలేస్తే పోయింది. 1367 హిజ్రీ అంటే 1947-48. 1367 ఫసలీ అంటే 1957-58. మధ్యలో పదేళ్లు. ఆ పదేళ్లలో నిజాం పాలన పోయింది, జాగీర్లు పోయినై, హైదరాబాద్ రాష్ట్రమే లేకుండా పోయింది.

ఇక యంత్రం సంగతి. ఎక్సెల్‌కు తేదీ అంటే తెలియదు, దానికి తెలిసింది అంకె. 1900 జనవరి 1ని ఒకటి అనుకుని అక్కడి నుంచి రోజులు లెక్కపెడుతుంది. మన జిల్లా పుట్టిన రోజు దాని లెక్కలో 42654. మనకు కనిపించే 11-10-2016 ఆ అంకె మీద కప్పిన బట్ట లాంటిది. లెక్క కూడా మొదట్లోనే తప్పింది. 1900 లీపు సంవత్సరం కాదు. అయినా ఎక్సెల్‌లో 60 అని కొట్టి తేదీగా మారిస్తే 1900 ఫిబ్రవరి 29 అని లేని రోజును చూపిస్తుంది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3లో ఈ తప్పు ఉంది. ఆ ఫైళ్లు తన దగ్గర కూడా తెరుచుకోవాలని మైక్రోసాఫ్ట్ తెలిసీ అదే తప్పును కొనసాగించింది. మెకింటోష్ వాళ్లు 1904 నుంచి మొదలుపెట్టారు. అందుకే పాత మ్యాక్ ఫైలు నుంచి తేదీలు తెచ్చి అతికిస్తే నాలుగేళ్ల ఒక రోజు, అంటే 1462 రోజులు జరిగిపోతాయి. 1900కి ముందు తేదీలైతే ఎక్సెల్‌కు ఉత్త అక్షరాలే, వాటితో కూడిక తీసివేత చేయదు. పాత ఫర్మానాల మీద పనిచేసేవాళ్లకు ఆ విషయంలో లిబ్రే ఆఫీస్ నయం.

ఇప్పుడు ఫసలీని ఈ యంత్రంలో వేసి చూడండి. ఒక కాలమ్‌లో 1317, 1357, 1364, 1435 అని ఫసలీలు కొట్టారు. ఎవరో ఆ కాలమ్‌ను తేదీగా మార్చారు. 1317 కాస్తా 1903 ఆగస్టు 9 అవుతుంది. 1357 ఏమో సెప్టెంబర్ 18, అదీ 1903లోనే. 1364 సెప్టెంబర్ 25, 1435 డిసెంబర్ 5. నూట పద్దెనిమిదేళ్ల రెవెన్యూ చరిత్ర మొత్తం మహబూబ్ అలీ ఖాన్ కాలంలోని నాలుగు నెలల్లోకి ముడుచుకుపోతుంది. షీట్‌లో 1903 తేదీలు గుంపుగా కనిపిస్తే, అవి బహుశా ఫసలీ సంవత్సరాలే. కాలమ్ ఫార్మాట్‌ను నంబర్‌కు మారిస్తే అసలు అంకెలు తిరిగొస్తాయి.

దీంతో ఎవరికి నష్టం అంటే, సాదా బైనామా రైతులకు. తెల్లకాగితం మీద రాసుకుని, పెద్దమనుషుల ముందు డబ్బులిచ్చి, రిజిస్ట్రేషన్ లేకుండా కొన్న భూములు మన దగ్గర ఊరూరా ఉన్నాయి. వీటిని క్రమబద్ధం చేయడానికి 2020లో దరఖాస్తులు తీసుకున్నారు. 2025లో వచ్చిన భూభారతి చట్టం కూడా ఆ దరఖాస్తులనే లెక్కలోకి తీసుకుంది. కొన్నది 02-06-2014కు ముందు అయి ఉండాలి. దరఖాస్తు 12-10-2020 నుంచి 10-11-2020 లోపు పెట్టి ఉండాలి. భూభారతిని మొదట ప్రయోగంగా అమలు చేసిన నాలుగు మండలాల్లో ఒకటి మన లింగంపేట, ఎల్లారెడ్డి డివిజన్‌దే.

ఈ మూడు తేదీలను బాగా చూడండి. మూడూ తిరగబడే తేదీలే. అమెరికా సెట్టింగ్‌లో 02-06-2014 ఫిబ్రవరి 6 అవుతుంది. ఏప్రిల్‌లో కొన్న రైతు గడువు దాటినట్టు కనిపిస్తాడు. దరఖాస్తుల గడువైతే డిసెంబర్ 10న మొదలై అక్టోబర్ 11న ముగుస్తుంది, మొదలుకు ముందే చివర!

ఆ ముప్పై రోజుల రిజిస్టర్ అమెరికా సెట్టింగ్‌లో తెరిచారనుకోండి. అక్టోబర్ 12 డిసెంబర్ 10గా మారుతుంది. అక్టోబర్ 13 నుంచి 31 దాకా పందొమ్మిది రోజులు అసలు తేదీలే కావు, ఉత్త అక్షరాలుగా మిగులుతాయి, ఎందుకంటే పదమూడో నెల లేదు. నవంబర్ 1 నుంచి 10 దాకా ఉన్నవి జనవరి 11, ఫిబ్రవరి 11 అంటూ అక్టోబర్ 11 దాకా చెల్లాచెదురవుతాయి. ముప్పై రోజుల్లో ఒక్కటీ సరిగ్గా నిలవదు.

దీని మీద ఇంకో కథ ఉంది. పాత రికార్డుల చట్టం పోయి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది 2020 అక్టోబర్ 29న, ధరణి మొదలైన రోజు. పాత చట్టమే లేనప్పుడు దాని కింద దరఖాస్తులు ఎట్లా తీసుకుంటారు అని హైకోర్టుకు వెళ్లారు. కొత్త చట్టం వచ్చాక అందిన దరఖాస్తులను పక్కన పెట్టమని ఆ నవంబర్‌లో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అంటే 29కి ముందా, తర్వాతా అన్నదే ఏళ్ల తరబడి రైతు భవిష్యత్తు అయింది. షీట్‌లో "29 లేదా ఆ తర్వాత" అని ఒక ఫార్ములా పెట్టారనుకుందాం. ఎక్సెల్ పోలికలో అక్షరం ఎప్పుడూ అంకె కన్నా పెద్దది. కాబట్టి అక్షరాలుగా మిగిలిన అక్టోబర్ 13, 14, 20 అన్నీ "తర్వాత" అని వస్తాయి. డిసెంబర్‌గా మారిన 12 కూడా అంతే. తిరగబడిన నవంబర్ తేదీలు మొత్తం "ముందు" అని వస్తాయి. ముప్పైలో 29, 30, 31 మాత్రమే సరైన పక్కన పడతాయి, అదీ అదృష్టంతో. మిగతా అందరూ తారుమారే.

మరి సరిచేయడం ఎట్లా? మొదట కాలమ్ వైపు చూడండి. ఎవరూ అలైన్‌మెంట్ ముట్టుకోకపోతే నిజమైన తేదీ కుడి వైపు ఉంటుంది, అక్షరంగా మిగిలింది ఎడమ వైపు ఉంటుంది. ఒకే కాలమ్‌లో రెండూ కలిసి ఉంటే తిరగబడిందని అనుమానించాల్సిందే. ఇక్కడ చాలామంది ఎడమ వైపువి మాత్రమే బాగుచేసి పని అయిపోయింది అనుకుంటారు. అసలు ప్రమాదం కుడి వైపు బుద్ధిగా కూర్చున్న వాటిలో ఉంది. అవి తప్పు తేదీలు, కానీ చెల్లే తేదీలు. టెక్స్ట్ టు కాలమ్స్‌లో "డి ఎం వై" ఎంచుకుంటే అక్షరాలు తేదీలవుతాయి, ముందే తిరగబడినవి మాత్రం కదలవు.

అందుకే మూల ఫైలు దొరికితే మళ్లీ మొదటి నుంచి తేవడమే మంచిది. సి ఎస్ వి ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవద్దు. డేటా మెనూ నుంచి దిగుమతి చేసి, తేదీ కాలమ్‌ను టెక్స్ట్‌గా తీసుకుని, తర్వాత రోజు, నెల, సంవత్సరం అని చెప్పి మార్చండి. విండోస్ రీజియన్ సెట్టింగ్‌లో ఇంగ్లీష్ ఇండియా ఉందో లేదో ముందే చూసుకోండి. మూల ఫైలు లేకపోతే, ఫైలుకు కాపీ తీసుకుని, తిరగబడిన వాటిలో రోజును నెలగా, నెలను రోజుగా మార్చే ఫార్ములా పక్క కాలమ్‌లో పెట్టండి. కానీ ఇద్దరు ముగ్గురు వేర్వేరు కంప్యూటర్ల మీద నింపిన షీట్ అయితే గుడ్డిగా మార్చొద్దు, సరిగా ఉన్నవి తిరగబడతాయి. అప్పుడు దరఖాస్తు నంబర్ల వరుసతో, రసీదుతో పోల్చుకోవాల్సిందే. కొత్తగా నింపేవాళ్లు 2020-10-12 అని సంవత్సరం ముందు పెట్టి రాయండి, ఏ సెట్టింగ్‌లోనూ తిరగబడదు. ఫసలీకి వేరే కాలమ్, అది హైదరాబాద్ లెక్కా జులై లెక్కా అన్నదానికి ఇంకో కాలమ్.

చివరగా సర్వే నంబర్లు. పన్నెండు బై మూడు అని 12/3 కొడితే ఎక్సెల్ మార్చి 12 చేస్తుంది. 2025లో కొట్టి, భయపడి మళ్లీ టెక్స్ట్‌కు మారిస్తే 45728 అని వస్తుంది, సర్వే నంబర్ తిరిగి రాదు. 12/అ అని తెలుగు అక్షరం ఉంటే మాత్రం ఏమీ కాదు, మన అకారం కాపాడుతుంది! ఇంటి నంబర్లదీ ఇదే బాధ, 5-6-12 అంటే 2012 జూన్ 5 అయిపోతుంది. ఇది మన తహసీల్ ఆఫీసుల కష్టమే కాదు. సెప్ట్, మార్చ్ లాంటి పేర్లున్న జన్యువులను ఎక్సెల్ నెలలుగా మారుస్తోందని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తల పట్టుకుని, కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మార్చ్1 ఇప్పుడు మార్చ్‌ఎఫ్1. వాళ్లు జన్యువు పేరు మార్చుకోగలిగారు. లింగంపేటలో సర్వే నంబర్ మార్చుకోలేం కాబట్టి, కొట్టేముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్ చేసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఖాస్రా పహాణీ కాలమ్‌లు ఒక్కొక్కటి చదువుదాం. మీ ఇంట్లో పాత పహాణీ నకలు ఉంటే ముందు పెట్టుకుని కూర్చోండి. ఉంటాను మరి, నమస్తే.