రోమక సభాంగణమును విజయపురి శిథిలములును

పురాతన రోమక నగరమందలి 'ఫోరము' అనఁబడు సభాంగణమును చూడఁబోయిన యాత్రికునకు నేఁడు కనఁబడునవి విఱిగిన స్తంభములు, పునాదిరాళ్లు, కొన్ని విజయతోరణములు మాత్రమే. ఒకప్పు డచ్చట న్యాయవిచారణలు జరిగెను. వర్తకులు బేరము లాడిరి. వక్తలు వేదిక నెక్కి ప్రజలతో మాటాడిరి. మధ్యయుగమున నది మన్ను గప్పుకొని పశువుల బీడై, 'ఆవులబయలు' అను పేరఁ బరఁగెను.

ఆ స్థలము మనకు బోధించునది రాళ్ల గొప్పతనము గాదు. క్రీ. పూ. 43 లో సిసిరో యను వక్తను చంపించి, అతని శిరస్సును ఆంటొనీ ఆ వేదికమీఁదనే ప్రదర్శింపించెను. మఱుసటి యేఁట ధనికస్త్రీలపై యుద్ధపుఁ బన్ను విధింపఁగా, హొర్టెన్సియా యను వనిత యచ్చటికే వచ్చి, రాజ్యాధికారమున భాగములేని మేము పన్నేల చెల్లింపవలెనని యడిగెను. 1,400 మందిపై నుండిన పన్ను 400 మందికిఁ దగ్గెను.

గోదావరీతీరవాసులకు రోము దూరము. కృష్ణాతీరమందలి నాగార్జునకొండ చేరువయే. అది క్రీ. శ. 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి. అచ్చట రోమక సువర్ణనాణెములు దొరకినవి. మెట్లవలె నమర్చిన యాసనపంక్తులతోఁ గూడిన రంగస్థలమును బయల్పడినది. జలాశయమున లోయ మునుఁగుటకు ముందు, 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు జరిపి, కొన్ని కట్టడములను కొండమీఁదికిని, రంగస్థలమును ఒడ్డుననున్న అనుపునకును తరలించి మరలఁ గట్టిరి.

అంతకంటె గమనింపఁదగినవి శాసనములు. రాజగు వాసిష్ఠీపుత్ర చాంతమూలుఁడు అశ్వమేధము చేసిన వైదికుఁడు. ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధుల మహాచైత్యమునకు దాత. బోధిసిరి యను సామాన్యోపాసిక సింహళ భిక్షువులకొఱకు చైత్యగృహము కట్టించెను. ఒకే యింట రెండు మతములు నిలుచుటయు, స్త్రీ తన పేరనే దానము చేయుటయు నాఁటి తెలుగునేల కెఱుకయే.

అయినను హొర్టెన్సియా పన్ను తగ్గించుకొనెను గాని వోటు పొందలేదు. చాంతిసిరి పేరు ఱాతిపై నిలిచెను గాని రాజ్యభార మామె చేతికి రాలేదు. మన రాజమహేంద్రవరమున 1890 లో వీరేశలింగము పంతులుగారు పురమందిరము కట్టించిరి. అట్టి మందిరములు నేఁ డూరూరను గలవు. స్త్రీలను ముందువరుసఁ గూర్చుండఁబెట్టి పూలమాల లిప్పించినంత మాత్రమున సభాధర్మము తీఱదు. ఏ విషయము చర్చింపవలెనో నిర్ణయించు నధికారమునందును వారికిఁ బాలుండవలెను. పాఠకులారా, మీ యూరి సభ నీ కొలఁదతోఁ గొలిచి చూడుఁడు.