చెకుముకి రాయి, అగ్గిపుల్ల: బాలల పత్రికలలో కథ, శాస్త్రం, చేతిపని

పిల్లల పత్రిక అనగానే మనలో చాలామందికి మొదట జ్ఞాపకం వచ్చేది కథ. మద్రాసులో పెరిగిన తెలుగువారికి ఆ జ్ఞాపకం మరీ గాఢమైనది. తెలుగు బాలల పత్రికలలో పేరెన్నికగన్న 'బాల', 'చందమామ' రెండూ ఈ నగరంలోనే పుట్టాయి. అవి తెలుగుదేశం నుంచి మనకు వచ్చినవి కావు, ఇక్కడి నుంచే తెలుగుదేశానికి వెళ్ళాయి. పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో ఈ మాట ఒకసారి చెప్పుకోవడం అతిశయం కాబోదు.

అయితే ఆ రెండు పత్రికల ఘనతను మళ్ళీ వర్ణించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కథ, శాస్త్రవిజ్ఞానం, పిల్లవాడు తన చేతులతో చేసి చూడదగిన పని, ఈ మూడూ ఒకే పత్రికలో ఇమడడం తెలుగులో ఎందుకు ఆలస్యమైంది? ఆ ఆలస్యం వల్ల మనవంటి రాష్ట్రేతర తెలుగు మాధ్యమ పాఠశాలల పిల్లలకు కలిగిన లోటు ఏమిటి? ఇక్కడ పరిశీలించదలచిన విషయం ఇది.

మొదలు మంచిదే. పందొమ్మిదవ శతాబ్దపు డెబ్బైలలో మద్రాసులోని స్కూల్ బుక్ అండ్ వెర్నాక్యులర్ లిటరేచర్ సొసైటీ వారు 'జనవినోదిని' అనే పత్రికను వెలువరించారు. పేరులో వినోదం ఉన్నా, కథలతోపాటు లోకజ్ఞానాన్ని పంచిపెట్టడం దాని పని. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారి పూనికతో హైదరాబాదులో ఏర్పడి తరువాత మద్రాసుకు తరలివచ్చిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రగ్రంథాలను తెలుగులో ప్రకటించి మహోపకారం చేసింది. కాని అవి పెద్దలు చదువుకొనే గ్రంథాలు. పిల్లవాడి చేతికి అందే ఎత్తులో పెట్టినవి కావు.

ఆ ఎత్తు ముందుగా తగ్గింది వంగదేశంలో. 1913లో ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి 'సందేశ్' పత్రికను స్థాపించాడు. బెంగాలీలో ఆ మాటకు కబురు అనీ మిఠాయి అనీ రెండర్థాలున్నాయి. ఆయన కథకుడు, చిత్రకారుడు మాత్రమే కాదు, హాఫ్‌టోన్ అచ్చుదిమ్మెల విషయంలో స్వయంగా పరిశోధన చేసిన సాంకేతిక నిపుణుడు. కుమారుడు సుకుమార్ రాయ్ భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి, ఇంగ్లండులో ముద్రణవిద్య నేర్చి వచ్చాడు. 1915లో తండ్రి గతించాక, 1923లో తాను కన్నుమూసేవరకు ఆ పత్రికను నడిపాడు. కడుపుబ్బ నవ్వించే పద్యాలు రాసిన చేతితోనే పిల్లలకు శాస్త్రవ్యాసాలూ రాశాడు. నవ్వుకు ఒక రచయిత, శాస్త్రానికి వేరొక పంతులు అన్న విభజన అక్కడ లేదు.

మన 'బాల' 1945 ఆగస్టులో మద్రాసులో వెలువడింది. రేడియో అన్నయ్యగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు దానికి ప్రాణం పోశారు. రాఘవరావుగారు జన్మించింది ఇప్పటి ఒడిశాలోని బరంపురంలో. అక్కడ పుట్టి, మద్రాసులో పేరు గడించి, తరువాత హైదరాబాదులో స్థిరపడిన ఆయనకు రాష్ట్రేతర తెలుగువారి చరిత్రలో దక్కవలసిన చోటు మనం ఇంకా ఇవ్వలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమం నడిపిన అనుభవం వల్ల ఆ దంపతులు ఒక సంగతి చక్కగా గ్రహించారు. పిల్లలు విని ఊరుకోకూడదు, తామూ పాల్గొనాలి. అందుకే 'బాల' పుటలలో పెద్దల రచనలతోపాటు పిల్లల రచనలకూ పెద్దపీట పడింది. ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ అచ్చయింది ఇందులోనే, అప్పటికి ఆయన వయస్సు పద్నాలుగేళ్ళు. బాపు చిన్ననాటి బొమ్మలు అచ్చయిందీ ఇందులోనే. 1959 దాకా నడిచిన ఈ పత్రిక పిల్లల చేతికి పని ఇచ్చిందనడంలో సందేహం లేదు. కాని ఆ పని ప్రధానంగా రాయడం, గీయడం, ఆడడం, పాడడం. కళ వైపు తెరిచిన ఆ తలుపు ప్రయోగం వైపు అంతగా తెరుచుకోలేదు.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు తెలుగు, తమిళ భాషలలో ఒకేసారి ప్రారంభించిన 'చందమామ' సంగతి మరింత విచిత్రమైనది. 1952 నుంచి 1980లో మరణించేవరకు దానిని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు భౌతికశాస్త్ర విద్యార్థి. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. చదువుతూ, ఆర్థికమాంద్యం నాటి ఇబ్బందుల వల్ల మధ్యలో విరమించవలసి వచ్చినవారు. సుకుమార్ రాయ్ చదివిన భౌతికశాస్త్రం ఆయన పిల్లల పత్రికలోనికే వచ్చింది. కుటుంబరావుగారిది ఎక్కువగా చందమామకు వెలుపల, పెద్దల కోసం రాసిన వైజ్ఞానిక వ్యాసాలలోనికి పోయింది. 1954లో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యంగారి తొలి ధారావాహిక పేరు 'తోకచుక్క'. పేరు ఖగోళశాస్త్రానిదే. లోపల ఉన్నదేమో ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికుల పోరు!

దీనిని తప్పుగా ఎంచడం అన్యాయం. చందమామ కథలోని వాక్యం సూటిగా, పొదుపుగా, తడబాటు లేకుండా నడుస్తుంది. ఏ పని వల్ల ఏ ఫలితం వచ్చిందో దాచకుండా చెబుతుంది. బేతాళుడు ప్రశ్న అడిగిన చోట ఆగి, పుట తిప్పేముందు తానే జవాబు ఊహించుకొన్న పిల్లవాడికి శాస్త్రబుద్ధి తొలిమెట్టు ఎక్కడం తెలియకుండానే అలవడింది. పైగా ఒకే కథ, ఒకే బొమ్మ అనేక భాషలలోనికి వెళ్ళవలసిన పత్రిక అది. ఏ ఊరిదో తెలియని రాజు కథ ఎక్కడికైనా ప్రయాణం చేయగలదు. చేసి చూడవలసిన పని అంత సులువుగా ప్రయాణం చేయదు, దానికి కావలసిన సామాను ఊరూరా మారుతుంది. ఏమైనా, బుద్ధికి ఇంత మేత పెట్టిన చందమామ చేతులకు మాత్రం పెద్దగా పని చెప్పలేదు. ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డు రాసి పంపడం ఒక్కటే చాలామంది పిల్లలు చేసిన పని.

ఈ మధ్యకాలంలో శాస్త్రాన్ని కథగా చెప్పినవారు మనకు లేకపోలేదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా ఉన్న మహీధర నళినీమోహన్‌గారు కాలెండరు మీద, పిడుగు మీద రాసిన పుస్తకాల పేర్లలోనే 'కథ' అన్న మాట ఉంది. కుటుంబరావుగారి కుమారుడు రోహిణీప్రసాద్‌గారు (1949-2012) ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ తెలుగులో విస్తారంగా శాస్త్రరచన చేశారు. తండ్రి చందమామలో చేయని పని కొడుకు వేరే చోట చేశాడని మనం సంతోషించవచ్చు. కాని ఇవి చదివి తెలుసుకొనే రచనలు. కత్తెర, కాగితం ముందు పెట్టుకొని చదివే రచనలు వేరు.

ఆ రకం పత్రికలు దక్షిణాదిలో మొదట కేరళలో వచ్చాయి. 1962లో స్థాపితమైన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1970లో పిల్లల కోసం 'యురేకా'ను ప్రారంభించింది. కర్ణాటక రాజ్య విజ్ఞాన పరిషత్తు కన్నడంలో 'బాల విజ్ఞాన'ను ప్రచురించింది. 1985 జులైలో భోపాల్‌లోని ఏకలవ్య సంస్థ హిందీలో 'చక్‌మక్' తెచ్చింది. దాని వెనుక 1972లో హోషంగాబాద్ జిల్లాలో పదహారు మాధ్యమిక పాఠశాలలతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం ఉంది. ఆ పాఠశాలల పిల్లలు శాస్త్రాన్ని వల్లించలేదు, ప్రయోగం చేసి తామే నిర్ణయానికి వచ్చేవారు. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసినా పత్రిక ఆగలేదు. 1987లో దేశమంతటా సాగిన భారత జనవిజ్ఞాన జాతా నాటి ఉత్సాహంలో తమిళంలో తమిళనాడు సైన్స్ ఫోరం వారి 'తుళిర్' వచ్చింది. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక ద్వారా తెలుగులో 'చెకుముకి' వచ్చింది. హిందీవారి చక్‌మక్ అన్నా మన చెకుముకి అన్నా ఒకటే రాయి. కొడితే నిప్పు రాలే రాయి.

ఈ పత్రికల స్వభావం తెలియాలంటే ఆ ఉద్యమంలో పుట్టిన ఒక్క ఆట చెప్పుకొంటే చాలు. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన అరవింద్ గుప్తా 1978లో ఉద్యోగానికి సెలవు పెట్టి హోషంగాబాద్ కార్యక్రమంలో పనిచేయడానికి వెళ్ళాడు. అక్కడ ఆయనకు సైకిలు వాల్వ్ ట్యూబులోనూ అగ్గిపుల్లలలోనూ ప్రయోగశాల కనిపించింది. సన్నని ఆ రబ్బరు గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోయాలి. అగ్గిపుల్లల మందు గీకివేయాలి. ముక్కకు రెండువైపులా రెండు పుల్లలు దూర్చితే కీలు తయారవుతుంది. మూడు పుల్లలను మూడు కీళ్ళతో కలిపితే త్రిభుజం. దానిని ఎటు నొక్కినా ఆకారం మారదు. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి మూల పట్టుకొని నొక్కితే పక్కకు వాలిపోతుంది. అయిదు పుల్లలది మరీ వేలాడిపోతుంది. ఇప్పుడు చతురస్రంలో మూల నుంచి మూలకు, సరిపోయే పొడవుగల మరొక పుల్లను బిగించితే అది కదలకుండా నిలబడుతుంది. ఎందువల్ల? అది రెండు త్రిభుజాలయింది కనుక. రైలు వంతెనలో, కరెంటు తీగలు మోసే ఉక్కు స్తంభంలో, పెంకుటింటి కప్పు మోసే దూలాలలో అడ్డంగా, ఏటవాలుగా అన్ని కడ్డీలు ఎందుకు ఉంటాయో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. వాడి వేళ్ళకే తెలిసింది.

కథ కూడా ఈ చేతిపనిలో కలిసిపోగలదు. వార్తాపత్రికను మడిచి టోపీ చేసి, టోపీని పడవగా మార్చి, తుపానులో పడవ ముందుకొన, వెనుకకొన, పైకొన విరిగాయని ఒక్కొక్కటే చించి, చివరకు విప్పి చూపితే కెప్టెను చొక్కా మిగిలే కథ దేశదేశాలలో ఉంది. అరవింద్ గుప్తా దానికి మన దేశంలో మంచి ప్రచారం కల్పించాడు. ఇక్కడ కథ సాగాలంటే కాగితం మడవాలి, కాగితం మడవాలంటే కథ గుర్తుండాలి. కత్తిపడవ చేయడం ఎరిగిన మన పిల్లలకు ఇది కొత్త విద్యేమీ కాదు.

ఇక మన లోటు. తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకం పిల్లవాడికి నామవాచకాలను సమృద్ధిగా ఇస్తుంది. ద్రవ్యరాశి, సాంద్రత, కేశనాళికీయత, కిరణజన్య సంయోగక్రియ అన్నీ వాడు కంఠస్థం చేస్తాడు, పరీక్షలో రాస్తాడు. కాని మడవడం, చీల్చడం, గుచ్చడం, దూర్చడం, బిగించడం, అతికించడం, గీకడం, వంచడం అనే క్రియలు పాఠ్యపుస్తకంలో బహు అరుదు. తెలుగునాట పిల్లవాడికి అవి వీధిలో, వడ్రంగి దగ్గర, సైకిలు షాపులో దొరుకుతాయి. మన పిల్లవాడికి వీధి తమిళం మాట్లాడుతుంది, బెంగుళూరు పిల్లవాడికి కన్నడం, బరంపురం పిల్లవాడికి ఒడియా. పుల్లను గొట్టంలో 'సెరుగు' అని వాడికి తెలుసు. 'దూర్చు' అని నోటికి రాదు. వలస వచ్చిన భాషలో ముందుగా జారిపోయేది పెద్దమాటలని అనుకొంటాము, కాని ఈ వ్యాసకర్త గమనించినంతలో ముందుగా జారిపోయేవి చేతి మాటలు. 'చేసి చూడండి' అనే ఒక్క పుట ఉన్న తెలుగు పత్రిక ఆ మాటలను నెలనెలా ఇంటికి తెచ్చి ఇవ్వగలదు. కథ ఎంత గొప్పదైనా ఆ పని చేయలేదు, ఎందుకంటే కథలోని క్రియలు రాకుమారుడివి. చేసి చూసే పుటలోని క్రియలు చదివేవాడివి.

చందమామ 2013 నాటికి ఆగిపోయింది. తమిళనాడులో 2006 నాటి చట్టం వల్ల మన పిల్లలకు తమిళం తప్పనిసరి పాఠ్యభాష అయింది. నివసిస్తున్న నేల భాష నేర్చుకోవడం మంచిదే, అందులో వివాదం లేదు. తమిళం వచ్చిన మన పిల్లలు 'తుళిర్' చదివి ప్రయోగాలు చేస్తే అదీ లాభమే. ఆ ప్రయోగాన్ని ఇంట్లో నాయనమ్మకు తెలుగులో వివరించే వేళ మాత్రం వాడికి సాయం కావాలి.

ఆ సాయం పాఠశాల చేయవచ్చు. మన గ్రంథాలయానికి 'చెకుముకి' తెప్పించడం ఒక పద్ధతి. అది కాక, పైతరగతి పిల్లలే నెలకు ఒక ప్రయోగాన్ని ఎంచుకొని, దానిని ఎలా చేయాలో తెలుగులో ఒక పుటలో రాసి గోడపత్రికగా అంటించవచ్చు. రాసినదానిని కింది తరగతి పిల్లవాడు ఎవరినీ అడగకుండా చదివి చేయగలిగితే ఆ పుట బాగున్నట్లు లెక్క. చేయలేకపోతే తిరగరాయాలి. మొదటి నెలకు త్రిభుజం సరిపోతుంది. కావలసినవి రెండు అగ్గిపెట్టెలు, మూరెడు వాల్వ్ ట్యూబు, ఒక బ్లేడు, బ్లేడు దగ్గర నిలబడడానికి ఒక మాస్టారు.