మైనస్ 54 డిగ్రీల చలిలో వేడి బాధ

విమానం 35,000 అడుగుల ఎత్తుకు చేరేసరికి బయట సుమారు మైనస్ 54 డిగ్రీల చలి ఉంటుంది. అదే సమయంలో ప్రయాణికుల కాళ్ల కింద, ముక్కు చక్రానికి దగ్గర్లో ఉన్న ఇరుకు గదిలో వరసలుగా అమర్చిన ఎలక్ట్రానిక్ పెట్టెలు వేడి కక్కుతుంటాయి. దారి చూపే కంప్యూటర్లు, రేడియోలు, ఆటోపైలట్... చాలావరకు అక్కడే. బయట అంత చలి ఉండగా ఆ గాలినే లోపలికి వదిలితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. ఆ ఎత్తులో గాలి సాంద్రత నేల మీదున్న దాంట్లో మూడో వంతు కూడా ఉండదు. ఎంత చల్లగా ఉన్నా పలచటి గాలి వేడిని కొద్దికొద్దిగానే మోసుకుపోగలదు. పైగా ఆ గదిలోనూ క్యాబిన్‌లాగే గాలి ఒత్తిడి నిలిపి ఉంచాలి. ఆకాశంలో దానికి కన్నం పెట్టలేం.

మొదట్లో ఇది పెద్ద సమస్య కాదు. 1929లో అమెరికా విమానయాన సంస్థలు తమ రేడియో వ్యవహారాలు చూసుకోవడానికి ఏరింక్ అనే ఉమ్మడి కంపెనీ పెట్టుకున్నాయి. అప్పటికి విమానంలో ఎలక్ట్రానిక్స్ అంటే రేడియో మాత్రమే. ఆ రేడియోల్లోని గాజు వాల్వులకు వేడి శత్రువు కాదు. లోపలి ఫిలమెంటు కాలితేనే వాల్వు పనిచేస్తుంది. ట్రాన్సిస్టర్ తీరు వేరు. దాని నుంచి వచ్చే వేడి తక్కువే గానీ, ఆ కాస్త వేడినీ అది ఓర్చుకోలేదు. ఒక్కో ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ అదే పెట్టెలో వందలు, వేలు ఇరికించారు. పది డిగ్రీలు పెరిగితే పరికరం ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్లు ఒక మోటు లెక్క చెప్పుకుంటారు. అన్ని భాగాలకూ అది అచ్చంగా వర్తించదు. అయినా వాళ్లు దేనికి భయపడ్డారో ఆ లెక్కలో తెలుస్తుంది.

నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఏ యంత్రమూ కాదు, ఒక ఒప్పందం. పెట్టెల కొలతలను విమానయాన సంస్థలు ముందే ఖరారు చేసుకున్నాయి. పూర్తి వెడల్పు పెట్టె సుమారు 257 మిల్లీమీటర్లు. ఆ తర్వాత వచ్చిన ఏరింక్ 600 ప్రమాణం గాలికీ కొలత కట్టింది. గాలి అర కింది వైపు నుంచి పెట్టెలోకి దూరి, పైనుంచి బయటికి రావాలి. లోపలికొచ్చే గాలి 40 డిగ్రీలుంటే, పెట్టె ఖర్చుచేసే ప్రతి కిలోవాట్‌కూ గంటకు 220 కిలోల గాలి అందాలి. ఆ లెక్కన గాలి పెట్టె దాటేసరికి సుమారు 16 డిగ్రీలు వేడెక్కుతుంది. ఒకరితో ఒకరు పోటీపడే కంపెనీలు తయారుచేసిన పెట్టెలు ఒకే అరలో, ఒకే గాలిని పంచుకుంటూ పనిచేయడం దీనివల్లే సాధ్యమైంది. చల్లబరిచే బాధ్యత ఒక్కో పెట్టె తయారీదారు మీద నుంచి విమానం మీదికి మారింది. 1980ల ఆరంభంలో వచ్చిన బోయింగ్ 757, 767, ఎయిర్‌బస్ ఏ310ల డిజిటల్ పరికరాలు ఈ పద్ధతిలోనే అరల్లోకి ఎక్కాయి.

పోగైన వేడిగాలిని ఏంచేయాలి? బోయింగ్ 737 నేల మీద ఉన్నప్పుడు దాన్ని బయటికి వదిలేస్తుంది. ఎగిరాక ముందు వైపు సామాన్ల గది గోడల చుట్టూ తిప్పి, ఆ గదిని వెచ్చగా ఉంచుతుంది. 1988లో సర్వీసులోకి వచ్చిన ఎయిర్‌బస్ ఏ320 బయటి చలిని అందుకునే ఉపాయం వాడుకుంది. నేల మీద ఎండగా ఉంటే విమానం పక్కనున్న మూతలు తెరుచుకుని బయటిగాలి లోపలికొస్తుంది, వేడిగాలి బయటికి పోతుంది. ఆకాశంలో ఆ మూతలు మూసుకుంటాయి. గాలి లోపలే తిరుగుతూ, విమానం లోహపు చర్మానికి ఆనుకుని ఉన్న ఒక అర గుండా ప్రవహిస్తుంది. చర్మం అవతల గడ్డకట్టే చలి. గాలి లోపలిదే, చలి మాత్రం బయటిది. ఇంత సులువుగా కనిపించే పరిష్కారం నాకు ఎప్పుడు తలచుకున్నా అబ్బురమే.

మే నెలలో శంషాబాద్‌లోనో గన్నవరంలోనో విమానం గేటు దగ్గర నిలబడితే కష్టం రెట్టింపవుతుంది. పీల్చుకునే గాలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది. ఇంజిన్లు ఆగి ఉన్నా కాక్‌పిట్‌లో ఏకధాటిగా వినిపించే హోరు ఎక్కువగా ఈ గాలిని తిప్పే ఫ్యాన్లదే. కరెంటు ఉండి గాలి ఆగిపోతే ఏ320, 737 రెండింటిలోనూ ముక్కు చక్రం దగ్గరి హారన్ మోగుతుంది. కాక్‌పిట్‌లో ఎవరూ లేకపోయినా కిందున్న సిబ్బందికి వినపడాలనే దాన్ని అక్కడ పెట్టారు.

2011లో ప్రయాణికులను ఎక్కించుకున్న బోయింగ్ 787తో గాలికీ ఒక హద్దు తేలింది. క్యాబిన్ గాలిని ఇంజిన్ల నుంచి తీసుకోకుండా, కరెంటుతో నడిచే కంప్రెషర్లతో నింపే విమానం అది. దాని జనరేటర్ల మొత్తం సామర్థ్యం 1,450 కేవీఏ. ఆ కంప్రెషర్ల మోటార్లను అదుపుచేసే కంట్రోలర్ల వేడిని దింపడం గాలి వల్ల కాలేదు. అందుకే వాటి గుండా నీళ్లు, ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవాన్ని పంపులతో తిప్పుతారు. ఆ ద్రవం మోసుకొచ్చిన వేడిని, విమానం వేగానికి దూసుకొచ్చే బయటిగాలి చివరికి తీసుకుపోతుంది.