సాల్మన్ చేపలు: సముద్ర పోషకాలు ఎగువ వాగులకు చేరేదెలా?

నీరు పల్లమెరిగినట్లే, అందులో కరిగిన పోషకాలూ పల్లానికే సాగుతాయి. కొండవాగులు నత్రజనిని, భాస్వరాన్ని దిగువకు మోసుకుపోయి చివరకు సముద్రంలో కలుపుతాయి. ఉత్తర పసిఫిక్ తీరంలో ఆ పోషకాలలో కొంత భాగాన్ని ఏటా వెనక్కు తెచ్చే జీవి సాల్మన్.

అలాస్కా, బ్రిటిష్ కొలంబియా, వాషింగ్టన్, ఒరెగాన్ నదులకు సాకై, చినూక్, కోహో, చమ్, పింక్ అనే అయిదు జాతుల సాల్మన్లు వస్తాయి. వాగులో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టేందుకు పుట్టినచోటికే తిరిగి వస్తాయి. ఎదిగిన చేప బరువులో 95 శాతానికి పైగా సముద్రంలో సమకూరినదే. గోదావరికి ఎదురీదే పులసదీ సముద్రం నుంచి నదికి సాగే ప్రయాణమే. అయితే పులస గుడ్లు పెట్టాక మూకుమ్మడిగా మరణించదు. ఈ సాల్మన్లు మరణిస్తాయి. వాగుకు దక్కే సంపద ప్రధానంగా ఆ కళేబరాలే.

కుళ్లుతున్న దేహాల నుంచి వెలువడే భాస్వరం, నత్రజని రాళ్లపై పెరిగే నాచుకు ఆహారమవుతాయి. నాచును నీటిపురుగులు, పురుగులను చేపపిల్లలు తింటాయి. కొన్ని పురుగులు నేరుగా కళేబరాలపైనే బతుకుతాయి. కోహో పిల్లలు చెదిరిన గుడ్లను, కళేబరాల మాంసాన్ని తిని చలికాలానికి ముందే బలం పుంజుకుంటాయి. అంటే ఒక తరం మరణం తరువాతి తరానికి మేత. ఎలుగుబంట్లు పట్టిన చేపలను అడవిలోకి ఈడ్చుకెళ్లి, కొవ్వు అధికంగా ఉండే భాగాలు తిని మిగిలినది వదిలేస్తాయి. ఆ శేషం చెట్ల వేళ్లకు అందుతుంది.

ఈ నత్రజని సముద్రం నుంచి వచ్చిందని తెలిసేదెలా? నత్రజని-15 అనే బరువైన ఐసోటోపు పాలు నేల మీద కంటే సాల్మన్ దేహంలో ఎక్కువ. చెట్ల ఆకుల్లో, పురుగుల్లో, సరస్సు అడుగు మట్టిలో ఆ గుర్తును కొలవవచ్చు. అలాస్కాలోని కోడియాక్ దీవిలో కార్లుక్ సరస్సు మట్టిపొరలను ఇలా పరిశీలించి, సుమారు 2,200 ఏళ్ల సాకై రాకపోకల హెచ్చుతగ్గులను పునర్నిర్మించారు.

అలాస్కాలోని హాన్సెన్ క్రీక్ వద్ద వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇరవై ఏళ్ల పాటు, చేపలను లెక్కపెట్టాక కళేబరాలను ఒకే ఒడ్డుకు విసురుతూ వచ్చారు. మొత్తం బరువు సుమారు 270 టన్నులు. ఆ ఒడ్డున తెల్ల స్ప్రూస్ చెట్ల ఎదుగుదల పుంజుకుంది. ఇంత ఓపికైన ప్రయోగాలు జీవావరణ శాస్త్రంలో అరుదు.

సాల్మన్ మోసుకొచ్చేది మేలు మాత్రమే కాదు. సముద్రంలో దేహంలో చేరిన పీసీబీల వంటి విష రసాయనాలు కూడా దానితోపాటే సరస్సులకు చేరుతున్నాయి.

ఆనకట్టలు, మితిమీరిన వేట, చెడిన ఆవాసాలు ఈ రవాణాను దెబ్బతీశాయి. 2000లో వెలువడిన ఒక అంచనా ప్రకారం అమెరికా పసిఫిక్ వాయవ్య ప్రాంత నదులకు సాల్మన్ ద్వారా అందే సముద్రపు నత్రజని, భాస్వరాలు పూర్వపు పరిమాణంలో 6–7 శాతమే. చేపలు తగ్గితే వాగు పేదదవుతుంది. పేద వాగులో పిల్లలు సరిగా ఎదగవు. తిరిగొచ్చేవి మరింత తగ్గుతాయి. ఈ విషవలయాన్ని ఛేదించేందుకు చేపపిల్లల కేంద్రాల్లోని కళేబరాలను కొన్నిచోట్ల వాగుల్లో వేస్తున్నారు. ఇది ఉపశమనమే తప్ప చికిత్స కాదు.

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నదిపై మరో మార్గం పట్టారు. 1913లో పూర్తయిన ఎల్వా డ్యామ్‌లో చేపలు పైకి వెళ్లే దారే లేదు. సముద్రానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలోనే వలస ఆగిపోయింది. నది ముఖద్వారం వద్ద నివసించే లోయర్ ఎల్వా క్లాలమ్ తెగ ప్రజలు సాల్మన్ కోసం దశాబ్దాల పాటు పోరాడారు. 2011లో కూల్చివేత మొదలైంది. ఎగువనున్న గ్లైన్స్ కాన్యన్ డ్యామ్ తొలగింపు 2014లో ముగిసింది. సాల్మన్లు తిరిగి చేరిన ఏడాదిలోపే, వాగులో మునిగి పురుగులను ఏరుకు తినే డిప్పర్ పక్షుల రక్తంలో సముద్రపు పోషకాల జాడ కనిపించింది.